నొప్పికి ఇంకో మాట

పిల్లలకు ఎన్ని పర్యాయపదాలు వస్తే భాష వచ్చినట్టు అని కమలిని అడిగింది. పంతులమ్మగా ఆమెకది తొలి ఏడు. నేర్పేయాలన్న ఉబలాటం కుదురుగా కూర్చోనిచ్చేది కాదు. సింహాద్రాచారి మాస్టారు ఏ ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పే మనిషి కాదు. ఆయన దగ్గర పాఠం చెప్పడం నేర్చుకుంటున్న మాకందరికీ ఆ తిరకాసు అలవాటే. ఆ రోజు మాత్రం ఊరివాళ్ళ కథలేవీ ఎత్తుకోకుండా తన తరగతి సంగతే చెప్పారు.

కొండ కింద ఒంటిగది బడి. అక్కడ ఆయన ఒక నియమం పెట్టారు. పిల్లలు ఏది అడగాలన్నా ముందు దానికి ఇంకో మాట చెప్పాలి. దాహమేస్తే నీళ్ళు అంటే చాలదు, జలం అని కూడా అనాలి. చెప్పలేనివాళ్ళు గుర్తొచ్చేదాకా నోరు మూసుకుని గోడవార కూర్చోవాలి. తనిఖీకి వచ్చిన అధికారులు ముక్కున వేలేసుకుంటే మాస్టారు పొంగిపోయారట.

ఒక ఉదయం పైడమ్మ అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఆలస్యంగా, రొప్పుతూ వచ్చింది. గుమ్మంలో నిలబడి నొప్పి అంది. ఆ వంకతో ఇంటికి పోయేవాళ్ళు రోజుకు నలుగురుంటారు. ఆయన అక్కడే ఆపి, ఇంకో మాట చెబితేనే వింటానన్నారు. పిల్ల బెదిరిపోయి సుఖం అంది. అది వ్యతిరేక పదమని దిద్ది గోడవార కూర్చోబెట్టారు. మాట వినే పిల్ల కావడమే దాని ఖర్మ. మధ్యాహ్నం దాకా పెదవులు కదుపుతూ వెతుక్కుంది. అన్నానికి వదిలినా లేవకపోతే, ఏమిటని ఆయనే వెళ్ళి అడిగారు.

"మా యమ్మకి పొద్దున్నించీ పురిటి నొప్పులండి. మీ బండి మీద నర్సమ్మని తెమ్మంది."

ఊళ్ళో మోటారు సైకిలు ఉన్నది ఆయనొక్కడికే. పైడమ్మ తండ్రి పనికని వలసపోయి ఉన్నాడు. పక్క ఊరినుంచి నర్సమ్మను తీసుకొచ్చేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

పదిహేను రోజులకు పైడమ్మ మళ్ళీ బడికొచ్చింది. ఎవరూ అడక్కుండానే గుమ్మంలో ఆగి, చేతులు కట్టుకుని, "బాధ, వేదన, వ్యథ" అని అప్పజెప్పింది. లోపలికి రమ్మనేదాకా అక్కడే నిలబడింది.

కమలిని ఏడ్చేసింది. నాకైతే ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. చివరికి కమలినే కళ్ళు తుడుచుకుని, ఆ పిల్లతో ఏమన్నారని అడిగింది.

"ఏమంటాను తల్లీ? మూడూ ఒప్పులే. ఒక్కటి తప్పు చెప్పినా దిద్దేవాణ్ణి."