పీత వీపెక్కిన అడవి

ఒకప్పుడు పీతలన్నిటి వీపులూ నున్నగానే ఉండేవి. తోమి బోర్లించిన గిన్నెల్లా తళతళలాడేవి. అందులోనూ నూకాలు వీపు చూడాలి! ఆ పీత బండమీద నడిచి వెళ్తుంటే, నీళ్లలోకి దిగిన ఎండ దాని వీపుమీద పడి చేపల కళ్లు జిగేల్‌మనేవి.

"ఓలమ్మో, మన నూకాలు వీపులో మొహం చూసుకోవచ్చే!" అనేది సముద్రపు గుర్రం పిన్ని.

నూకాలు వినీ విననట్టు ఇంకాస్త నిక్కి నడిచేది.

ఆ రోజుల్లో తూర్పు సముద్రం అడుగున పెద్ద అడవి ఉండేది. చెట్ల అడవి కాదు, నాచు అడవి. బండల్ని గట్టిగా పట్టుకుని, నీళ్ల పైదాకా లేచిన నాచు. కెరటం వస్తే అడవంతా ఒక్కసారే ఊగేది. చేపలు అందులోనే గుడ్లు పెట్టేవి. వాటి పిల్లలు ఆకుల చాటున దాగుడుమూతలు ఆడేవి. సముద్రపు గుర్రాలు నాచుకాడలకు తోక చుట్టుకుని హాయిగా నిద్రపోయేవి.

అలాంటి చోటికి వేడినీరు వచ్చింది.

వచ్చి పోయిందా? లేదు, తిష్ట వేసింది. నాచు ముందు రంగు మారింది. తర్వాత మెత్తబడింది. ఆకులు ఊడి కొట్టుకుపోయాయి. మిగిలిన మొదళ్లను ముళ్లబంతులు కొరికేశాయి. ఒళ్లంతా ముళ్లతో, బంతుల్లా ఉండే జీవాలవి. అంతకుముందు రాలిన ఆకులు తినే బతికేవి, పాపం. రాలడానికి ఆకే లేకపోయేసరికి ఆకలికి ఆగలేక మొదళ్లమీదా మొలకలమీదా పడ్డాయి.

చూస్తూండగానే అడవి పోయి బోడిబండలు మిగిలాయి. కానాగంత చేపల గుంపు వెళ్లిపోయింది. కవళ్ల చేపలూ వాటి వెనకే వెళ్లిపోయాయి.

ఒకనాడు నూకాలు వచ్చేసరికి గుర్రం పిన్ని బండ పగులులో తోక ఇరికించుకుని ఉంది. కెరటం వచ్చినప్పుడల్లా వణికిపోతోంది.

"నువ్వూ వెళ్లిపోకూడదా పిన్నీ?"

"అంత దూరం ఈదలేనే తల్లీ. పట్టుకోడానికి ఒక్క కాడ ఉంటే చాలు నాకు. ఒక్కటి!"

నూకాలు గిరుక్కున వెనక్కి తిరిగింది. తిన్నగా వెళ్లి వేడినీటికి ఎదురు నిలబడింది.

"మా అడవిని ఎందుకు చంపావు?"

"నేనెక్కడ చంపాను? పైన ఎండ కాచింది, నేను కాగాను. చల్లారమంటే చల్లారిపోతానా? నా చేతుల్లో ఏముంది?" అంది వేడినీరు. మళ్లీ తనే అంది. "అందరూ నన్ను చూసి పారిపోయేవాళ్లే. నువ్వొక్కదానివే ఎదురొచ్చి అడిగావు. అందుకే చెప్తున్నా, విను. ఎర్రబండ అవతల ఒక ముసలి నాచు ఉంది. రోజూ దానిమీంచే పోతాను. నేనెంత కాగినా అది వాడదు."

నూకాలు అడ్డంగా నడుస్తూ, బండలెక్కుతూ, దిగుతూ ఎర్రబండ చేరింది. వేడినీరు చెప్పింది నిజమే. అక్కడ ఒక ముసలి నాచు కురచగా, ముదురు రంగులో, మొండిగా నిలబడి ఉంది.

"అవ్వా, మా బండలకు రావూ?"

"కాళ్లెక్కడివే నాకు? నా కొమ్మలు తుంపి తీసుకుపో. బండ తగిలితే అవే పట్టుకుంటాయి. కానీ దారంతా నీ డెక్కలతో పట్టుకున్నావో, నలిగి ముక్కలైపోతాయి. వీపుమీద మొయ్యాలి."

నూకాలు కొమ్మలు వీపుమీద పెట్టుకుంది. ఒక్క కెరటం వచ్చింది. కొమ్మలన్నీ జారి కొట్టుకుపోయాయి. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ జారాయి. అంత నునుపు వీపుమీద ఏం నిలుస్తుంది?

పక్కనే ఒక బండ ఉంది. దాని ఒంటినిండా గరుకు గుల్లలు. నూకాలు దానివైపు చూసింది. తన వీపు తళుకు అక్కడి ఇసకమీద ఆడుతుంటే దాన్నీ ఒక్క క్షణం చూసింది. వెనక్కి తిరిగి, ఆ గుల్లలకు వీపు ఆనించి రుద్దడం మొదలుపెట్టింది.

"నొప్పెట్టడం లేదటే?" అంది అవ్వ.

"పెడుతోంది," అంది నూకాలు, రుద్దడం ఆపకుండానే.

తళుకు పోయింది. వీపంతా పెచ్చులు లేచి కొక్కేల్లా వంకర తిరిగింది. ఆ కొక్కేలకు కొమ్మలు తగిలిస్తే ఈసారి కెరటం వచ్చినా కదల్లేదు.

దారిలో చారలచేప ఒకటి ఎదురై పగలబడి నవ్వింది. "చూడండిరోయ్, చెత్తకుప్పకు కాళ్లొచ్చాయి!"

నూకాలు అడుగు ఆపలేదు. అంతలో చారలచేప నవ్వు ఆగిపోయి, రివ్వున పారిపోయింది. ఎదురుగా ఆక్టోపస్ వస్తోంది! చుట్టూ బోడిబండ, దాక్కునే చోటు లేదు.

"కదలకు," అంది వీపుమీది నాచు.

నూకాలు కాళ్లు ముడుచుకుని ఉండిపోయింది. ఆక్టోపస్ చెయ్యి పాకుతూ వచ్చి కొమ్మల్ని తడిమింది.

"ఛీ, ఉత్త నాచు!" అని వెళ్లిపోయింది.

నూకాలు ఊరు చేరి ఒక్కో కొమ్మనూ బండకు ఆనించింది. అవి ఇంకా పట్టుకున్నాయో లేదో, ముళ్లబంతులు వచ్చేశాయి. ముందు వాటి పెద్ద, గండప్ప.

"తప్పుకో అమ్మాయ్, ఆకలి మాది."

"ఇవాళ తింటే ఇవాళ్టితో సరి, మావా. పెరగనిచ్చావంటే రాలిన ఆకు నీ గుమ్మంలోకే వస్తుంది. నీ మనవలకూ వస్తుంది."

"అందాకా మేం గాలి తినాలా?"

"అందాకా మీ కూడు కూడా నేనే మోసుకొస్తాను."

గండప్ప దాని వీపుకేసి చూశాడు. ఆ గీతలు, ఆ గాట్లు చాలాసేపు చూశాడు. "ఈ వీపు అబద్ధం ఆడదు," అని తన వాళ్లనందర్నీ బండ పగుళ్లలోకి పంపించాడు.

నాటడానికి కొమ్మలు, ముళ్లబంతులకు రాలిన ఆకు మోస్తూ ఎర్రబండకూ ఊరికీ మధ్య నూకాలు తిరుగుతూనే ఉంది. మిగతా పీతలు మొదట దాని వీపు చూసి మొహం తిప్పుకున్నాయి. తర్వాత ఒక పీత మెల్లగా వచ్చి, "ఆ గరుకుబండ ఎక్కడే అక్కా?" అంది. ఆ వెనక ఇంకోటి అడిగింది. చివరికి పీతల బారు, ఒక్కోదాని వీపుమీద ఒక్కో పచ్చటి గుబురు!

నాచు మొలిచింది, కాడ కట్టింది, నీళ్ల పైదాకా లేచింది. గుర్రం పిన్ని తోక చుట్టుకుని కడుపునిండా నిద్రపోయింది. కానాగంతలు తిరిగొచ్చి, "ఎవరు పెంచారు ఈ అడవిని?" అని నోళ్లు తెరిచాయి.

"మా నూకాలు!" అంది పిన్ని, గొంతెత్తి.

"నేనొక్కదాన్నేనా? ఈ వీపులన్నీ చూడండి," అంది నూకాలు.

వేడినీరు ఇప్పుడూ వస్తూనే ఉంది. కాకపోతే ఆ అడవిలోకి వచ్చేటప్పుడు నెమ్మదిగా, ఆకుల్ని తప్పుకుంటూ నడుస్తుంది.

"పని అయిపోయిందిగా, ఇంక ఆ నాచు తీసెయ్యవే," అన్నారు ఎవరో.

"దీన్నా? నా ఒంటిమీద ఇంతకన్నా గొప్పది ఏనాడు ఉంది గనక?" అంది నూకాలు.

అప్పటినుంచే నూకాలు జాతి పీతలు వీపుమీద నాచు తగిలించుకుని తలెత్తుకు తిరుగుతున్నాయి. ఒళ్లు పెరిగి పాత డొల్లను వదిలేసినా, దానిమీది నాచును మాత్రం వదలవు. ఒక్కో కొమ్మా తీసి కొత్త వీపుకు తగిలించుకున్నాకే అక్కణ్నుంచి కదులుతాయి.