గవ్వలరేవు ఏటోనమ్మకు ఆ పేరెలా వచ్చింది

గవ్వలరేవులో ఇసుక మెరక మీద, తాటాకు పందిరి కింద కొలువైన తల్లి ఏటోనమ్మ. దర్శనానికి వచ్చే భక్తులు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ అమ్మకు ముఖం లేదు, చేతులు లేవు. పీఠం మీద ఉన్నది ఒక ఇత్తడి వస్తువు. చెంబులా పొట్ట ఉంది గాని మూతి లేదు. గరిటెలా కాడ ఉంది, ఆ కాడ చివర పట్టకారులా రెండుగా చీలింది. కదిపితే లోపల ఏదో గలగలమంటుంది, అదేమిటో చూసినవారు లేరు. కొందరు పండితులు ‘ఏటి’ అన్న మాట పట్టుకుని ఈమె నదీదేవత అని రాశారు. వారి పాండిత్యానికో దండం. ఇక్కడ ఏరూ లేదు, కాలువా లేదు, ఉన్నదంతా ఉప్పు సముద్రమే.

పూర్వం ఇక్కడ ఎల్లాజీ అనే మత్స్యకారుడు తల్లి పోలమ్మతో, భార్య దానమ్మతో కాపురముండేవాడు. ఒకనాడు అతని వలలో చేపలకు బదులు ఈ వస్తువు పడింది. దాన్ని తెచ్చి భార్య ఒడిలో పెట్టి, మర్నాడు తాను వేట నుంచి వచ్చేసరికి ఇది దేనికి పనికొచ్చేదో కనిపెట్టి చెప్పమని వేళాకోళమాడాడు. మర్నాడు తెల్లవారకముందే రేవులోని తెప్పలన్నీ వేటకు వెళ్లాయి.

వెళ్లిన కాసేపటికే మంచు దిగింది. పుష్యమాసపు మంచు ఇక్కడివారికి కొత్త కాదు గాని, ఆనాటిది పొద్దెక్కినా విడలేదు. చాచిన చెయ్యి చాచినవారికే కనబడలేదు. అలల చప్పుడు ఎటు నుంచి వస్తున్నదో తెలియలేదు. అటువంటి మంచులో దిక్కు తప్పిన తెప్ప నడిసముద్రానికి పోతుంది, పోయినది తిరిగి రాదు. ఆడవాళ్లంతా ఒడ్డుకు చేరి ప్రాణాలు అరచేత పెట్టుకుని కూర్చున్నారు.

పిలుద్దామంటే దారి లేదు. సముద్రం మీదున్న మనిషిని ఒడ్డు నుంచి పేరు పెట్టి పిలవరాదని ఇక్కడి కట్టుబాటు. పిలిస్తే ఆ పేరు సముద్రం విని, మనిషి తనవాడనుకుంటుందని భయం. డప్పు కొడదామంటే అది చావుకు కొట్టేది. ఏడుపు అంతకన్నా అశుభం. దానమ్మ ఉండబట్టలేక పేరు నోటిదాకా తెచ్చుకునేసరికి పోలమ్మ అరచేత్తో కోడలి నోరు మూసింది. ఆమెకున్నది ఒక్కగానొక్క కొడుకు.

ఏం చేయాలో తోచక దానమ్మ ఒడిలో కట్టి తెచ్చుకున్న ఆ వస్తువును చూపి, “ఇది ఏటి అత్తా?” అని అడిగింది.

“ఏటోనమ్మా, నానెరగను,” అంది పోలమ్మ.

పక్కనున్న ఎర్రమ్మ అది ఓడలవాళ్ల దీపపు కుంది అంది. కుందికి గలగల ఎందుకని మరొకామె కొట్టిపారేసింది, అది పిల్లలాడుకునే గిలక్కాయ అట. ఇంత బరువు ఏ పసిబిడ్డ ఎత్తుతుందని ఇంకొకామె లేచి, ఇది తాళ్లు పేనడానికేనని ఒట్టు పెట్టుకుంది. గొంతులు పెరిగాయి. లోపల కుక్కుకున్న భయమంతా పోట్లాటై బయటపడింది. సిగపట్లు ఒక్కటే తక్కువ.

మంచులో తెలియక నడిసముద్రం వైపు తెడ్డు వేస్తున్న మగవాళ్లకు వెనక నుంచి ఈ గోల వినబడింది. ఎవరి ఇంటి గొంతు వారికి తెలియదా, అందులోనూ తగవులో. తెప్పలు తిరిగాయి. ఒకటొకటిగా ఒడ్డు తాకాయి. వచ్చినవారిని చూసి వారి ఆడవాళ్లు తగవు మరచి వారిని పట్టుకుని నిలబడిపోయారు. ఎల్లాజీ తెప్ప ఒక్కటే రాలేదు.

గోల చల్లారిపోయింది. దానమ్మ ఒంటరిగా, అది దీపపు కుందేనని బొంగురు గొంతుతో అరిచింది. కాదనేవారు లేరు. ఒక్క చేతితో చప్పట్లు మోగవు కదా. అప్పుడు పోలమ్మ లేచింది. అంతకుముందు తెలియదన్న మనిషే, కోడలికి ఎదురు నిలిచి, కుంది కాదు, కొయ్య కాదు, నీకు బుద్ధి లేదు అని గొంతు చించుకుంది. అత్తాకోడళ్లు అలా కళ్ల నీళ్లు కారుతుండగా పోట్లాడుకుంటూనే ఉన్నారు.

చాలాసేపటికి మంచులోంచి ఒక గొంతు వచ్చింది.

“కుంది కాదే, పిచ్చిదానా!”

తరువాత ఆ వస్తువే అమ్మగా పోలమ్మకు కలలో కనబడి, నన్ను ఇదీ అని ఎన్నడూ తేల్చవద్దని, తేలిననాడు మీ నోళ్లు మూతపడతాయని ఆనతిచ్చింది. ‘ఏమిటోనమ్మా’ అనడానికి పోలమ్మ నోట మొదట వచ్చిన ‘ఏటోనమ్మా’ అన్న మాటే అమ్మకు పేరైంది.

నేటికీ ఇక్కడ మౌనంగా దర్శనం చేసుకోరాదు. ఆ వస్తువు ఏమిటో తమకు తోచింది గట్టిగా చెప్పాలి, పక్కవారు కాదనాలి. ఔనన్నవారికి తీర్థం ఇవ్వరు. ఇంటి మనిషి దూరాన ఉండి దిగులుపడేవారు ఇలా అమ్మను సేవిస్తే ఆ మనిషి క్షేమంగా ఇల్లు చేరతాడని నమ్మకం.

ఆమధ్య పాత వస్తువులను పరిశోధించే పెద్దమనిషి ఒకరు వచ్చారు. అమ్మను చూస్తూనే ఆయన ముఖం విప్పారింది. ఇటువంటిది తాను ఇంకొకచోట చూశానని, దీన్ని దేనికి వాడేవారో నిశ్చయంగా తెలుసునని అన్నారు. ఆనాడు వేటకు పోయిన పడవలు ఇంకా రావలసి ఉంది. పందిట్లో కూర్చున్న ముసలమ్మ ఒకామె లేచి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

“సెప్పకు బాబూ. మావోళ్లింకా ఒడ్డుకి రాలేదు.”

ఆయన చెప్పలేదు.