తాళ్లు అడిగిన ఉడత

వాగుకి ఈ ఒడ్డున ఉడతమ్మ కాపురం, ఆ ఒడ్డున చింతతోపు. వానాకాలంలో వాగు పొంగిందంటే పిల్లలకి తిండి ఆగిపోయినట్టే. అందుకే నిరుడు ఎద్దు దుంగలు లాగింది, ఉడతమ్మ పళ్లరిగేలా పీచు ఒలిచి తాళ్లు పేనింది. చెరి సగం వాటాతో తెప్ప కట్టుకున్నారు. మాటకారి కదా అని దాని పెత్తనం నక్క చేతిలో పెట్టారు. పాపం, వాళ్లని చూస్తే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది.

తొలకరి పడ్డ రోజు చూస్తే రేవులో తెప్ప లేదు. నక్క దాన్ని దిగువనున్న బావమరిదికి ఇచ్చేసి, బదులుగా తెచ్చుకున్న దోసపళ్లు తింటూ కూర్చుంది.

ఉడతమ్మ ఏడుస్తూ ఎలుగు తాత దగ్గరికి పరుగెత్తింది. తాత నక్కనీ ఎద్దునీ పిలిపించాడు.

"తాతా, నా తాళ్లు నాకిప్పించు, చాలు" అంది ఉడతమ్మ.

"దానికేం భాగ్యం! ఇచ్చేస్తాలే చెల్లెమ్మా" అంది నక్క, చవగ్గా తేలిందని సంబరపడుతూ.

తాత తల అడ్డంగా ఊపాడు. "తాళ్లు విప్పితే దుంగలు కొట్టుకుపోతాయి. తాళ్లెక్కి వాగు దాటతావుటే పిచ్చితల్లీ? పోయింది తెప్ప. అడగాల్సింది కూడా తెప్పే."

"తెప్పకి నోరేది తాతా?"

"నేనే!" నక్క మీసం దువ్వింది. "తెప్ప తరఫున మాట్లాడేది పెత్తందారు. నా మీద నాకేం ఫిర్యాదు లేదు."

"ఇంకేముంది, మన పని అయిపోయింది" అని ఎద్దు నిట్టూర్చింది.

ఆకలితో ఉన్న పిల్లలు గుర్తొచ్చి ఉడతమ్మకి ఒళ్లు మండింది. "తెప్పని మాయం చేసినవాళ్లే దాని నోరు కూడా నొక్కేస్తే ఎట్లా? నా తాళ్లు నాకొద్దు తాతా. తెప్ప తరఫున నేనడుగుతున్నా. దాన్ని తెచ్చి రేవులో కట్టమను!"

తాత మురిసిపోయాడు. "అట్లా అడుగు బంగారుతల్లీ! పెత్తందారే దొంగయితే వాటా ఉన్నవాళ్లెవరైనా తెప్ప కోసం అడగొచ్చు. కానీ వచ్చేది రేవుకే చేరుతుంది, నీ తొర్రకి కాదు."

"పిల్లలకి చింతకాయలు తెచ్చుకుంటే చాలు తాతా."

సాయంత్రానికి నక్క రొప్పుతూ వాగుకి ఎదురు తెప్పని నెట్టుకొచ్చింది. పెత్తనం ఎద్దుకి పోయింది, నక్కకి తెప్ప తోసే గెడ మిగిలింది. ఉడతమ్మ ఎక్కేముందు తన తాళ్ల ముడులన్నీ తడిమి చూసుకుంది. ఒక్కటీ సడలలేదు.

"ఇక తొయ్యి నక్కన్నా, దోసపళ్లు బాగానే తిన్నావుగా!" అంది.

కలిసి కట్టుకున్నది పోయినప్పుడు తన ముక్క కోసం కాదు, మొత్తం కోసం నోరు విప్పాలి.