పన్నీరు లాంటి కాలువ

వెనకటికి గవరయ్య అనే అద్దకాల షావుకారు తన కార్ఖానా రంగునీళ్లన్నీ ఊరి కాలువలోకే వదిలేవాడు. నీళ్లు పాడయ్యాయని ఎవరన్నా అంటే, "ఆ నీళ్లకేం? పన్నీరు!" అని కసిరేవాడు. అలాంటివాడికి రాజుగారు 'ప్రజాబంధు' బిరుదు ఇవ్వబోయారు. బిరుదు అందుకునేవాడు తన ఊరి చాకలి ఉతికి తెచ్చిన తెల్ల పంచె కట్టుకోవాలని అక్కడి ఆచారం.

ఊరి చాకలి ముత్యాలు మూట పట్టుకుని సభలో నిలబడింది. పిలుపు రాగానే మూట విప్పింది. పంచె నిండా నీలి మచ్చలే!

"ఎక్కడ ఉతికావే దీన్ని?" గవరయ్య గుడ్లురిమాడు.

"మన రేవులోనే, బాబూ."

"బుద్ధుందా నీకు? కార్ఖానాకి ఎగువకెళ్లి ఉతకాలని తెలీదూ?"

సభంతా గవరయ్య వైపు తిరిగింది. ముత్యాలు మచ్చల పంచెని మళ్లీ మడుస్తూ అంది.

"పంచెనైతే ఎగువకి మోసుకుపోతాను బాబూ. దిగువన ఆ నీళ్లే తాగే నలభై గడపల్ని ఎట్టా మోసుకుపోను?"

రాజుగారు బిరుదు పత్రం చుట్టేశారు.

"గవరయ్యా, ఆ రేవులో ఉతికిన పంచె తెల్లగా వచ్చిన రోజున కట్టుకుని రా. అందాకా మీ ఇంటికి తాగునీళ్లూ అక్కడివే. పన్నీరేగా!"