పంతొమ్మిదో నిబంధన

ఇలియాస్ ఫర్మానా రాయడం ముగించి వారం దాటింది. గురువుగారు ఇంతవరకు దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. అదే అతని బాధ.

తుంగభద్ర ఒడ్డున చిన్న సంస్థానం అది. ఆ ఏడు అక్కడి నవాబు కూతురు విడిచి విడిచి వచ్చే జ్వరంతో చనిపోయింది. ఏ హకీం దగ్గరా దానికి మందు లేదు. సంతాప దినాలు గడిచాక నవాబు దర్బారులో ఒకటే మాట అన్నాడు.

"మా తాతలు కోటలు కట్టారు. నేను కొత్త మందులు కనిపెట్టే ఇళ్లు కడతాను. ఫర్మానా రాయండి."

ఆ పని ఇలియాస్‌కి దక్కింది. అతను సూఫీ గురువు బుర్హాన్ షా దగ్గర పదేళ్లుగా వైద్యం నేర్చుకుంటున్నాడు. ఆయన ఆశ్రమంలోనే దవాఖానా కూడా ఉంది.

ఇలియాస్ నలభై ఒక్క నిబంధనలు రాశాడు. ఏడు పట్టణాల్లో ఏడు పరిశోధనాలయాలు. ప్రతిదానికీ మందుమొక్కల తోట. అక్కడ పనిచేసే హకీముల కుటుంబాలను సర్కారే పోషిస్తుంది. కనిపెట్టిన మందును ఎవరూ ఇంటి రహస్యంగా దాచుకోకూడదు. పనిచేయని మందు సంగతి కూడా రాసిపెట్టాలి, మరొకరు అదే పొరపాటు చేయకుండా. చుట్టుపక్కల ఏ రాజ్యంలోనూ ఇలాంటి శాసనం లేదు. ఆ సంగతి ఇలియాస్‌కి తెలుసు.

ఆ రోజు ఉదయం ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"హజ్రత్, రేపు దర్బారుకు తీసుకెళ్లాలి. లోపమేమైనా ఉంటే చెప్పండి."

గురువు వేరు ముక్కలు దంచుతున్నారు. తల ఎత్తలేదు.

"నాకు చూపు ఆనడం లేదు బేటా. లోపల మల్లమ్మ ఉంది. ఆమెకు చదివి వినిపించు."

మల్లమ్మ రాళ్లు కొట్టే మనిషి. అదే జ్వరంతో నెల కిందట వచ్చింది. నా అన్నవాళ్లు ఎవరూ లేరు. ఆమెకు ఫర్మానా ఏం అర్థమవుతుందని ఇలియాస్ మనసులో అనుకున్నాడు. అయినా వెళ్లి మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టాడు.

మల్లమ్మ శ్రద్ధగా వింది. తోటల మాట వచ్చినప్పుడు నవ్వింది. మధ్యలో ఆపి అడిగింది.

"ఆ మందు మా ఊరికీ వస్తుందా సామీ?"

"వస్తుంది. మీ ఊరికీ, పక్క ఊరికీ."

"మంచి పని చేస్తాండారు."

ఇలియాస్ గొంతు ఇంకాస్త పెరిగింది. పద్దెనిమిదో నిబంధన అయింది. పంతొమ్మిది దగ్గర ఆగాడు. కాగితం తిప్పి, ఇరవై నుంచి అందుకున్నాడు.

"సామీ," అంది మల్లమ్మ. "ఒకటి చదవకుండానే తిప్పితిరి."

ఆమెకు అక్షరం రాదు. కళ్లు మాత్రం అతని ముఖం మీదే ఉన్నాయి.

ఇలియాస్ వెనక్కి తిప్పి మెల్లగా చదివాడు. "కొత్త మందును ముందుగా ఖైదీల మీద, దిక్కులేని రోగుల మీద పరీక్షించవలెను. అందుకు వారిని అడగనక్కరలేదు."

మల్లమ్మ మోచేతి మీద లేచింది.

"దిక్కులేని రోగులంటే నేనే కదా?"

ఇలియాస్ తల వంచుకున్నాడు.

"నా కొడుకు ఈ జ్వరంతోనే పోయినాడు సామీ. ఇంకో తల్లికి ఆ బాధ వద్దని, అడిగితే నేనే ఒప్పుకుందును. ఎందుకు అడగరు?"

అతను లేచి బయటికి వచ్చాడు. గురువు ఇంకా వేరు దంచుతూనే ఉన్నారు. ఏం జరిగిందని అడగలేదు. ఇలియాస్ కలం తీసుకుని పంతొమ్మిదో నిబంధనను అడ్డంగా కొట్టేశాడు. దాని కింద కొత్తది రాశాడు. తరువాత మళ్లీ లోపలికి వెళ్లాడు.

మర్నాడు దర్బారులో ఫర్మానా చదివారు. పంతొమ్మిదో నిబంధన దగ్గర దివాను అడ్డుపడ్డాడు.

"మందు గుణం, దాని ప్రమాదం చెప్పి, రోగి ఒప్పుకుంటేనే ఇవ్వాలా? ఖైదీనైనా, బిచ్చగాణ్నయినా అడగాలా? అడిగితే ఎవడు ఒప్పుకుంటాడు? పరిశోధన మొదటిరోజే ఆగిపోతుంది."

ఇలియాస్ కాగితాన్ని నవాబు ముందు పరిచాడు. ఆ నిబంధన పక్కన ఒక వేలిముద్ర ఉంది.

"హుజూర్, నిన్న ఒకామెను అడిగాను. ఒప్పుకుంది. రాళ్లు కొట్టే మనిషి. మీలాగే ఆమె కూడా ఆ జ్వరానికే బిడ్డను పోగొట్టుకుంది."

నవాబు ఆ ముద్ర వంక చాలాసేపు చూశాడు. తన రాజముద్రిక అందుకున్నాడు. మామూలుగా పైన వేసే ముద్రను, ఆ రోజు ఆ వేలిముద్రకు కింద వేశాడు.

ఇలియాస్ ఆశ్రమానికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. వార్త విని దవాఖానాలో లేవగలిగినవాళ్లంతా లేచి కూర్చున్నారు. మల్లమ్మ పక్క మంచం ముసలామెతో, "దాంట్లో నా వేలు కూడా ఉంది" అని చెప్పింది, గుక్కతిప్పుకోకుండా రెండుసార్లు.

దంచిన వేరు పొడితో గురువు కొత్త మందు కలిపారు. గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లారు.

"తల్లీ, దీన్ని నేను తాగి చూశాను. మూడు రోజులు కడుపులో తిప్పుతుంది. జ్వరం తగ్గుతుందో లేదో నాకు తెలీదు. ఇంకేదైనా కీడు చేస్తుందేమో, అదీ తెలీదు. తాగుతావా?"

మల్లమ్మ ఆలోచనలో పడింది. ఇలియాస్ ఆత్రంగా ముందుకు వంగాడు.

"హజ్రత్, నిన్ననే వేలిముద్ర వేసింది కదా. మళ్లీ అడగడమెందుకు?"

"అది నిన్న," అన్నారు గురువు.

మల్లమ్మ కిటికీలోంచి కొండ వైపు చూస్తూ ఉండిపోయింది. ముసలి చేతుల్లో గిన్నె వణుకుతోంది. ఆయన రెండోసారి అడగలేదు. ఇలియాస్ వచ్చి, ఆ చేతుల కింద తన చేతులు పెట్టి నిలబడ్డాడు.

అతనూ అడగలేదు.

చాలాసేపటికి మల్లమ్మ కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుని, తనే చెయ్యి చాపింది.