రాయి కింద కాపురాలు

చింతలేరు వాగు కొండ దిగేటప్పుడు మహా గోల చేస్తుంది. ఆ గోల కాస్త తగ్గే చోట రెండు మడుగులున్నాయి. పై మడుగు నిండా రాలిన ఆకులు, నురగ, టీ డికాక్షన్ లాంటి రంగు. చూస్తే కాలు పెట్టబుద్ధి కాదు. కింది మడుగు మాత్రం అద్దమే అనుకోండి, ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు.

ఆ అద్దం నక్క చేతిపని. వాగు నీళ్లు మడుగులోకి వచ్చే దారికి అడ్డంగా రాళ్లు పేర్చింది. నీళ్లు పక్కనుంచి పోయాయి. మడుగు కదలకుండా నిలిచిపోయి, మట్టంతా అడుక్కి దిగింది. ఎందుకింత శ్రమ అంటే, నక్క కాపురం ఆ ఒడ్డునున్న మొగలి పొదలోనే. తేటనీళ్లు చూసి ఏ పక్షో వచ్చి గూడు కట్టిందంటే, గుమ్మంలోకే ఫలహారం వచ్చినట్టు కదా.

వచ్చింది కూడా. దిగువన ఇసుక ట్రాక్టర్లు దిగి తన పాత మడుగు పాడైపోతే, ఒక నీటికోడి చోటు వెతుక్కుంటూ ఇటు వచ్చింది. రెండు రోజుల్లో గుడ్లు పెట్టాలి. పెట్టాక వాటిని మూటగట్టి ఇంకో చోటికి మోసుకుపోలేదు పాపం. ఇక్కడ తప్పటడుగు వేస్తే పిల్లలు దక్కరు.

"రా చెల్లెమ్మా," అంది నక్క, ఎక్కడలేని వినయంతో తోక ముడుచుకుని. "ఈ నీళ్లు చూశావా? పురుడు పోసుకోడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల దొరకదు."

"నువ్వు నక్కవి కదన్నా?"

"అయితే ఏం? నేనుండేది కొండ అవతల. ఏదో పని మీద ఇటొచ్చాను."

"మరి ఆ పొద ఎవరిది?"

"ఖాళీ. ఎప్పటినుంచో ఖాళీ."

నీటికోడి మెడ సాచి నీళ్లలోకి చూసుకుంది. "చూడ్డానికి బాగానే ఉన్నాయి. అయినా రేపు పొద్దున ఎండ్రకాయ తాతని తీసుకొస్తాను. ఏ మడుగు మంచిదో ఆయన రాయి తిప్పి చెబుతాడు. రాయి కింద పురుగుంటే నీళ్లు బతికున్నట్టట."

నీటికోడి అటు వెళ్లగానే నక్క ఒక రాయి ఎత్తి చూసింది. ఏమీ లేదు. ఇంకోటి ఎత్తింది. జిగురు తప్ప ఏమీ లేదు.

"పురుగులే కదా కావాల్సింది, వాటికేం కరువు," అనుకుని గేదెలు పొర్లే బురదగుంటకి పరుగెత్తింది. బురదలో మెలికలు తిరిగే ఎర్రపురుగులు, దోమ పిల్లలు, ఏది దొరికితే అది పుక్కిట పట్టుకొచ్చి రాళ్ల కింద ఉమ్మింది. పొద్దు వాలేలోపు పదకొండు సార్లు తిరిగింది. నక్క తన జన్మలో అంత కష్టపడి ఎరగదు.

మర్నాడు పొద్దున్నే ఎండ్రకాయ తాత అడ్డంగా నడుచుకుంటూ వచ్చాడు.

"నేరుగా నడవొచ్చు కదా తాతా, ఎంతసేపని చూడాలి?" అంది నక్క.

"నేను అడ్డంగా నడిచి నేరుగా మాట్లాడతానురా అబ్బాయ్. నీకది తిరగబడింది."

తాత కొండితో రాయి తిప్పాడు. ఎర్రపురుగులు కుప్పలు. నీటికోడి సంబరపడిపోయింది. "ఎంత మేతో చూడు తాతా. నా పిల్లలు కళ్లు తెరవగానే కడుపు నింపుకోవచ్చు."

"ఒక్క రాయి కిందే ఇంతమంది. ఇంకేం సాక్ష్యం కావాలి?" అంది నక్క.

"ఎంతమందో సరే, ఎవరో కూడా చూడాలి కదమ్మా," అన్నాడు తాత నింపాదిగా. తర్వాత నక్క వైపు తిరిగాడు. "వీళ్లు ఇక్కడ ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు?"

"తరతరాల నుంచి. ఈ నీళ్లంటే వాళ్లకి ప్రాణం."

"అలాగా. మరొకడికి ఊపిరాడని కుళ్లునీళ్లలో కూడా హాయిగా బతికేవాళ్లు ఈ ఎర్రవాళ్లు. వీళ్లు తప్ప ఇంకో జాతి లేదంటే, నీ మడుగు తరతరాలుగా కుళ్లిపోయి ఉందన్నమాట."

నక్క తడబడింది. "అబ్బే, నోరు జారింది తాతా. నిన్ననే వచ్చారు. చుట్టపుచూపుగా."

"నడిచొచ్చారా, నీ పుక్కిట కూర్చుని వచ్చారా? గేదెల గుంట బురద నీ మీసాలకి ఇంకా ఆరలేదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నక్క మీసాలు తుడుచుకుంటూ నేల చూపులు చూసింది.

నీటికోడికి ఇప్పుడు వెలిగింది. "మడుగు మంచిదైతే పురుగుల్ని మోసుకు రావడం దేనికన్నా? కొండ అవతల ఉండేవాడివి, ఖాళీ పొదకి ఇంత చాకిరీ దేనికి?" అంటూనే రెక్కలు విదిల్చి పై మడుగు వైపు పోయింది. తాత తన నడకలో తాను వెనకే వెళ్లాడు.

అక్కడ వాగు పారే చోట ఒక రాయి తిప్పాడు. తోకకి మూడు వెంట్రుకలున్న చిన్న పురుగులు రాయికి బల్లపరుపుగా అతుక్కుని ఉన్నాయి. పక్కనే ఇంకోడు, ఇసుక రేణువులు ఒక్కొక్కటీ అంటించుకుని గొట్టంలాంటి ఇల్లు కట్టుకుని అందులోంచి తల బయటపెట్టి చూస్తున్నాడు.

"వీళ్లు మహా సున్నితం. నీళ్లు కాస్త చెడ్డాయంటే ముందు పోయేది వీళ్లే. వీళ్లు నిక్షేపంగా ఉన్నారంటే నీకు దిగుల్లేదు," అన్నాడు తాత.

"మరి ఈ ఆకులు, ఈ రంగు?"

"ఆకులే కదమ్మా చాలామందికి ఇక్కడ భోజనం. వంట జరిగే ఇంట్లో గిన్నెలు చెల్లాచెదురుగానే ఉంటాయి. మరీ నీట్‌గా ఉన్న వంటింట్లో పొయ్యి వెలగడం లేదని అర్థం."

నీటికోడి అక్కడే, నక్కకి అందకుండా నీళ్ల నడుమ గూడు కట్టి ఆరు గుడ్లు పెట్టింది.

ఇక నక్క సంగతి. అది మోసుకొచ్చిన దోమ పిల్లలకి నిలవనీరు భలే కుదిరింది. వారం తిరక్కుండా రెక్కలొచ్చి, పక్కనే ఉన్న మొగలి పొదలో దూరాయి. ముక్కు మీద, చెవుల లోపల, ఎక్కడపడితే అక్కడ కుట్టాయి. దొంగకి తేలు కుట్టినట్టు, నక్క ఎవరికీ చెప్పుకోలేకపోయింది. ఇరవై రోజులు ఓర్చుకుని, చివరికి వాగుకి అడ్డంగా పేర్చిన రాళ్లని ఒక్కొక్కటే పీకి అవతల పారేయడం మొదలుపెట్టింది. పారే నీళ్లలో దోమ నిలవదు మరి.

అప్పటికి ఆరు పిల్లలూ గుడ్లలోంచి బయటపడి తల్లి వెంట ఈదుతున్నాయి. "అమ్మా, ఆ మామ రాళ్లెందుకు మోస్తున్నాడు?" అని అడిగింది ఒకటి.

"పేర్చినవాడే తీయాలి కదమ్మా," అంది నీటికోడి.

నీతి: నీళ్ల మంచిచెడ్డలు పైమెరుపులో తెలియవు, రాయి కింద ఎవరు కాపురం ఉంటున్నారో చూస్తే తెలుస్తాయి.