ఘూకనేత్రుడి ఎర్ర అట్టల పుస్తకం

అనగనగా మణిసారమనే నగరంలో ఒక రాజు ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి గుర్రాలంటే ప్రాణం. నడిపివాడికి కత్తులంటే ప్రాణం. చిన్నవాడైన కువలయుడికి బొమ్మల పుస్తకాలంటే ప్రాణం. రెక్కల ఏనుగులు, మనిషి మొహం చేపలు, నిప్పులు కక్కే కోళ్ళు, అలాంటివి ఎక్కడున్నాయంటే అక్కడికి పరుగెత్తి తెచ్చుకునేవాడు. మేడనిండా పుస్తకాలే. ఎలుకలు చేరితే చంపనిచ్చేవాడు కాదు. "వాటికీ ఆకలేగా" అని ఒక మూల పేలాలు పోయించేవాడు.

ఆ బొమ్మల్లో అతనికి మరీ ఇష్టమైనవి పొరుగు రాజు కూతురు లేఖావతి వేసినవి. ఆమెనెప్పుడూ చూడలేదు. బొమ్మలు చూసే మనసిచ్చేశాడు.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు ఘూకనేత్రుడు లేఖావతిని ఎత్తుకుపోయాడు. వాడికీ బొమ్మల పిచ్చే. తనొక్కడికే బొమ్మలు వెయ్యమని ఆమెను కోటలో పెట్టాడు. విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, కోటగోడ మీద బొమ్మైపోయాడు. నడిపివాడు వెళ్ళాడు, వాడూ బొమ్మైపోయాడు.

"నేను వెళ్తాను నాన్నగారూ" అన్నాడు కువలయుడు.

"కత్తి పట్టడం రాదు, గుర్రమెక్కడం రాదు. నువ్వేం చేస్తావురా?"

"వెళ్తేగాని తెలీదు" అని ఓడెక్కాడు.

పేలాలు తిన్న ఎలుక ఒకటి తలపాగాలో దూరి, "దొరా, నేనూ వస్తా" అంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

మాంత్రికుడు లేని వేళ చూసి కోటలో అడుగుపెట్టారు. ఎటు చూసినా పుస్తకాలే. ఎలుక అక్కడి ఎలుకలతో మాట్లాడి వచ్చింది. "వీళ్ళు అన్నీ కొరుకుతారట దొరా, ఎర్ర అట్టల పుస్తకం తప్ప. దానికి పన్ను తగిలితే మాంత్రికుడు గుండె పట్టుకుని మూలుగుతాడట."

ఆ పుస్తకం వెతికి తెరిస్తే అందులో ఒక చిలక బొమ్మ. రెక్కల్లో లేత అరిటాకు పచ్చ, నాచు పచ్చ, ముసురు పట్టిననాటి వరిచేను పచ్చ. మాంత్రికుడి ప్రాణం ఆ చిలకలోనే ఉంది.

"చింపెయ్ దొరా" అంది ఎలుక.

కువలయుడు అన్నల్ని తలచుకున్నాడు. లేఖావతిని తలచుకున్నాడు. పుట అంచు పట్టుకున్నాడు. చిలక కన్ను చూసి వదిలేశాడు.

అంతలో ఘూకనేత్రుడు వచ్చి, అది చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. "చింపలేదేం?" అన్నాడు.

"చేతులెలా వస్తాయి? ఈ మెడ దగ్గర పచ్చ ఏ ఆకు పసరు తాతా?"

మాంత్రికుడు తలెత్తి చిలకని చూశాడు. "మా అమ్మ వేసింది. పసరు సంగతి ఆమెకే తెలుసు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు."

"చూపిస్తేగా అడగడానికి" అంది వెనకనుంచి లేఖావతి. "ఇక్కడికొచ్చాక నేనొక్క గీతైనా గీశానా? చూసి మురిసేవాళ్ళు లేకపోతే నాకు చెయ్యి కదలదు."

కువలయుడు పుస్తకం మూసి మాంత్రికుడి ఒళ్ళో పెట్టేశాడు. ఎలుక భయంతో కళ్ళు మూసుకుంది.

ఘూకనేత్రుడు పుస్తకాన్ని గుండెకి హత్తుకుని ఏడ్చాడు. ఆ తరవాత మంత్రం చదివాడు. అన్నలిద్దరూ తుమ్ముకుంటూ గోడలోంచి దిగారు.

"నా బొమ్మలు చూసే వచ్చావా?" అని అడిగింది లేఖావతి.

"ఇంకా చాలా చూడాలని వచ్చాను."

ఆమె నవ్వింది. మణిసారంలో పెళ్ళి జరిగింది. అన్నలు మాకు గుర్రాలూ కత్తులూ చాలన్నారు, రాజ్యం కువలయుడికొచ్చింది. ఘూకనేత్రుడు కోటలోని పుస్తకాలన్నీ ఓడల్లో వేయించుకుని తనూ వచ్చేశాడు. చేతులు కడుక్కుని వచ్చిన పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని, "మెల్లిగా నాయనా, మెల్లిగా" అంటూ పుటలు తిప్పేవాడు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేదాకా, ఆ తరవాత కూడా, కువలయుడూ లేఖావతీ రాజ్యాన్ని చల్లగా ఏలారు.